గిత్తలు, పలకలు, మొలగొలుకులు: మన ఊళ్లకు బేస్‌బాల్ జట్లుంటే

ఒక ఊరి జట్టుకు పేరు ఆలోచించేటప్పుడు నేను మొట్టమొదట వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ పేరును పొరుగూరివాళ్లు కూడా ఏ ఇబ్బందీ లేకుండా పెట్టుకోగలరా? పెట్టుకోగలిగితే ఆ పేరును పక్కన పెట్టేస్తాను. సింహం, పులి, డేగ, రాజు, యోధుడు వంటి పేర్లన్నీ ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే అవి ఒంగోలుకు ఎంత నప్పుతాయో ఇండోరుకూ అంతే నప్పుతాయి. జట్టు పేరు చెవిన పడగానే ఊరు కళ్లకు కట్టాలి. ఊరి పేరు ముందు చేర్చకపోయినా, ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవారు అది ఫలానా ఊరి జట్టే అయి ఉంటుందని చెప్పగలగాలి.

ఒంగోలులో నాకు జెర్సీలూ బ్యానర్లూ ముద్రించే చిన్న దుకాణం ఉంది. సంక్రాంతికీ వేసవి సెలవులకూ పల్లెల్లో క్రికెట్ టోర్నమెంట్లు మొదలవుతాయి, కుర్రవాళ్లు గుంపులుగా వచ్చి జెర్సీలకు ఆర్డరిస్తారు. వారిలో చాలామంది ఫోన్‌లో ఏదో ఒక విదేశీ జట్టు లోగో చూపించి, దాని కింద తమ ఊరి పేరు వేసి ఇమ్మంటారు. అడిగింది చేసి ఇవ్వడం నా వృత్తి కనుక చేసి ఇస్తాను. అయితే గిత్తల వల్ల దేశదేశాల్లో పేరు మోసిన ఊరి పిల్లలు ఎక్కడో అమెరికా నగరపు ఎర్ర ఎద్దు బొమ్మను గుండెల మీద వేసుకుని ఆడుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ బాధలోంచే ఈ పని పుట్టింది. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్లన్నీ కలిసి ఒక బేస్‌బాల్ లీగ్ నడుపుతున్నట్టు ఊహించుకుని, ఒక్కొక్క ఊరికి జట్టు పేరు, లోగో, టోపీ, రెండు జతల జెర్సీలు తయారు చేస్తున్నాను.

బేస్‌బాలే ఎందుకంటే, క్రికెట్‌లో ఇప్పటికే ఉన్న జట్ల నీడ ప్రతి గీత మీదా పడుతుంది. మన బడుల్లో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలు కొందరున్నా బేస్‌బాల్ ఈ ప్రాంతానికి దాదాపు కొత్త ఆట, అందువల్ల పేరుకూ బొమ్మకూ ఎవరి అనుమతీ అక్కరలేదు. పైగా లోగో గీసేవాడికి ఆ ఆట పెట్టినంత గట్టి పరీక్ష మరే ఆటా పెట్టదు. టోపీ ముందు భాగంలో దొరికే చోటు రెండు అంగుళాలకు కాస్త అటూ ఇటూ, ఆ చోటులోనే ఊరంతా ఇమడాలి, అది కూడా దారంతో కుట్టడానికి వీలైన గీతల్లో. నన్ను ఇందులోకి దించింది ‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’ అనే కంప్యూటర్ ఆట. 1999 నుంచి వస్తున్న ఆ ఆటలో మనకు నచ్చిన ఊళ్లతో లీగ్ కట్టుకోవచ్చు, సొంతంగా గీసిన లోగోలూ టోపీలూ జెర్సీలూ ఎక్కించుకోవచ్చు. ప్రపంచమంతటా ఎందరో ఆ ఆట కోసం లేని ఊళ్లకు, లేని జట్లకు లోగోలు గీస్తుంటారు. నా ఊళ్లు మాత్రం నిజంగా ఉన్నవే.

పేర్ల విషయంలో అమెరికా పాత జట్ల చరిత్ర చదవడం నాకు ఎంతో మేలు చేసింది. తామంతా జీతాలకు ఆడుతున్నామని బాహాటంగా ప్రకటించుకున్న తొలి జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, అంటే ఆటగాళ్ల ఎర్ర మేజోళ్లే ఆ జట్టు పేరు. బోస్టన్, షికాగో జట్లు ఇప్పటికీ మేజోళ్ల పేరుతోనే ఉన్నాయి. బ్రూక్లిన్ జట్టు కథ ఇంకా బాగుంటుంది. 1888 ప్రాంతంలో దాని ఆటగాళ్లు కొందరు వరసగా పెళ్లిళ్లు చేసుకునేసరికి పత్రికలవాళ్లు దాన్ని పెళ్లికొడుకుల జట్టన్నారు, తరువాత రాబిన్సన్ అనే మేనేజర్ పేరు మీదుగా రాబిన్స్ అన్నారు. బ్రూక్లిన్ వీధుల్లో ట్రామ్ బళ్లు అడ్డదిడ్డంగా తిరిగేవి కనుక వాటిని తప్పించుకు నడిచే జనం అనే అర్థంలో పుట్టిన డాడ్జర్స్ అనే పేరే చివరికి స్థిరపడింది. 1958 నుంచి ఆ జట్టు లాస్ ఏంజెలిస్‌లో ఆడుతున్నా బ్రూక్లిన్ వీధుల పేరు దాన్ని వదలలేదు. పిట్స్‌బర్గ్ జట్టు 1890 దశకం మొదట్లో మరో జట్టుకు చెందవలసిన ఆటగాణ్ని తన్నుకుపోయిందని ప్రత్యర్థులు దుమ్మెత్తిపోశారు, ఆ తిట్టునే జట్టు తలకెత్తుకుని పైరేట్స్ అయింది. సెయింట్ లూయిస్ జట్టుకు కార్డినల్ అనే పేరు మొదట ఒక ఎరుపు ఛాయ నుంచి వచ్చింది, బ్యాటు మీద వాలిన ఎర్రపిట్టలు 1922లో గానీ జెర్సీ మీదికి ఎక్కలేదు.

వీటిలో ఏ పేరూ యజమాని గదిలో కూర్చుని పులి కావాలా డేగ కావాలా అని ఎంచుకున్నది కాదు. బట్ట రంగో, వీధి రద్దీయో, పొరుగువాడి తిట్టో ముందు నోళ్లలో నానింది, తరువాతే అది జెర్సీకెక్కింది. అందుకే నా జట్లకు పేరుతో పాటు, ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో కూడా రాసుకుంటాను. ఆ నాలుగు వాక్యాలూ రాయలేకపోయిన పేరు ఎంత అందంగా ఉన్నా నాకు నిలవదు.

జపాన్‌లో హిరోషిమా జట్టు పేరు నాకు మరీ ఇష్టం. అక్కడి జట్లు చాలావరకు యజమానులైన కంపెనీల పేర్లతో ఉంటాయి, కానీ 1950లో లీగ్‌లో అడుగుపెట్టిన హిరోషిమా జట్టు తన పేరులో కార్ప్ అనే చేపను పెట్టుకుంది. ఆ ఊరి కోటను ఆ చేప పేరుతోనే పిలిచే అలవాటుంది, నదిలోనూ ఆ చేప ఉంది. అణుబాంబు పడిన అయిదారేళ్లకే జట్టు డబ్బులేక మూతపడబోతే ఊరి జనం మైదానం దగ్గర పెట్టిన పీపాల్లో చిల్లర వేసి నిలబెట్టుకున్నారు. పేరు ఊరిది కాబట్టే జట్టును ఊరు తనదనుకుందని నేను నమ్ముతాను. ఇక అమెరికా చిన్న లీగ్‌లలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ జట్టు 2017 నుంచి ఏకంగా పెద్ద రొయ్య పేరుతో ఆడుతోంది. వనామీ చెరువుల మధ్య బతికే మనకు ఆ పేరు వింటే ఒక్క క్షణం ఈర్ష్య కలుగుతుంది.

ఇక మన ఊళ్లు. ఒంగోలుకు గిత్తలు తప్ప వేరే పేరు ఆలోచించడం కూడా తప్పే. అయితే పేరు తేలికగా దొరికిన చోటే బొమ్మ కష్టమైంది. ప్రపంచంలో ఎద్దు లోగోలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: ముందుకు వంచిన తల, పొడవాటి వాడి కొమ్ములు, ముక్కుల్లోంచి ఆవిరి, కోపంతో ముడిపడిన కనుబొమలు. ఒంగోలు గిత్త వీటిలో దేనికీ సరిపోదు. దాని కొమ్ములు పొట్టివి, మొద్దువి. దాని అందమంతా మూపురంలోనూ, మెడ కింద మడతలు మడతలుగా బొడ్డు దాకా వేలాడే గంగడోలులోనూ ఉంది. ఒళ్లు తెలుపు, కోడెకు వయసు వచ్చేకొద్దీ తల మీదా మెడ మీదా మూపురం మీదా బూడిద రంగు కమ్ముతుంది, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లని వలయం ఉంటుంది. బండలాగుడు పోటీకి నడిపించుకొచ్చేటప్పుడు చూసినవారికి తెలుసు, అది ఎవరినీ బెదిరించదు, తలెత్తి నెమ్మదిగా నడుస్తుంది, జనమే దారి ఇస్తారు. నాకు కావలసింది ఆ నడక.

అందుకని గిత్తను పక్క నుంచి గీశాను. మూపురం నుంచి వీపు మీదుగా జారే గీత ఒకటి, గడ్డం నుంచి గంగడోలు మడతలను చుట్టుకుంటూ ముందుకాలి దాకా దిగే గీత ఒకటి. టోపీ పైభాగం గుండ్రన కనుక మూపురపు వంపు ఆ గుండ్రదనంతో కలిసిపోయి, టోపీయే మూపురమేమో అన్నంతగా అమరింది. కంటికి నల్లని బాదంకాయ ఆకారం, అందులో చిన్న తెల్లని గీటు, అంతే. రంగులు తెలుపు, బూడిద, నలుపు. నాలుగో రంగు ఒకటి కావలసి వచ్చినప్పుడు పోటీ గిత్తల మెడలో మువ్వలు కుట్టి కట్టే పట్టెడలోని ఎరుపు తీసుకున్నాను. కొమ్ముల పొడవు గురించి మాత్రం ఎవరికీ నచ్చచెప్పలేకపోతున్నాను, లోగో చూసిన ప్రతి ఒక్కరూ కొమ్ములు ఇంకాస్త పెంచమనే అడుగుతున్నారు. పెంచను.

ఇక్కడే లీగ్‌కు ఒక గొడవ కూడా దొరికింది. ఈ జాతి పశువులు బ్రెజిల్‌కు వెళ్లి అక్కడ కోట్ల సంఖ్యలో పెరిగాయి, అక్కడివాళ్లు వాటిని నెలోర్ అంటారు, అంటే నెల్లూరు పేరుతో. మన దగ్గర ఒంగోలు జాతి, సముద్రం దాటితే నెల్లూరు జాతి. కాబట్టి గిత్త మాదేనని నెల్లూరు అభిమానులు, ముమ్మాటికీ మాదని ఒంగోలువాళ్లు ప్రతి మ్యాచ్‌లోనూ వాదులాడుకుంటారని లీగ్ చరిత్రలో రాసుకున్నాను. రెండు ఊళ్ల మధ్య అంతకన్నా మంచి వైరం నేను కల్పించలేను.

మరి గిత్తను ఒంగోలుకు ఇచ్చేశాక నెల్లూరుకు ఏం మిగిలింది? నెల్లూరు పాత పేరు సింహపురి, కాబట్టి సింహం అక్కడివారి హక్కేనని కొందరు మిత్రులు పట్టుబట్టారు. వారి వాదనలో న్యాయం ఉంది, కానీ సింహం బొమ్మ ఉన్న టోపీ పెట్టుకుని పదిమందిలో నిలబడితే అది నెల్లూరు టోపీ అని ఎవరూ అనుకోరు. చేపల పులుసు గురించి చాలా ఆలోచించాను. అమెరికాలో అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ జట్టు బిస్కెట్ల పేరుతోనే ఆడుతోంది కనుక తిండి పేరు కొత్త కాదు. అయినా కుండలో ఉన్న పులుసును రెండు అంగుళాల్లో గీస్తే కుండ కనిపిస్తుంది గానీ పులుసు కనిపించదు. చివరికి నేను ఆగింది మొలగొలుకుల దగ్గర. పెన్నా నీటితో పండిన ఆ సన్నబియ్యం పేరు వింటే పెద్దవాళ్ల ముఖాలు ఈనాటికీ వెలుగుతాయి. నెల్లూరు మొలగొలుకులు అని ఒకసారి పైకి అనుకుని చూడండి, మైదానంలో వేలమంది కలిసి అరవడానికే పుట్టిన పేరులా ఉంటుంది.

ఈ పేరు జెర్సీ మీద ఎలా కూర్చుందో చెప్పాలి, ఎందుకంటే ఇంత సుఖంగా కూర్చున్న పేరు నా లీగ్‌లో మరొకటి లేదు. బేస్‌బాల్ జెర్సీ ముందు భాగం చొక్కాలా గుండీలతో తెరుచుకుంటుంది. ఛాతీ మీద రాసే పేరు ఆ గుండీల పట్టీ దగ్గర రెండుగా విడిపోవలసిందే, మధ్యలో ఏ అక్షరం పడినా అది చీలిపోతుంది. మొలగొలుకులు ఆరు అక్షరాలు: ఎడమ వైపు మొలగొ, కుడి వైపు లుకులు. ఏ అక్షరం కిందా వత్తు లేదు కనుక కింది అంచు సాఫుగా ఉంటుంది, దాని కింద అంకె వేయడానికి చోటూ మిగులుతుంది. సొంత మైదానంలో జట్టు పేరు, బయటి ఊరికి వెళ్లినప్పుడు ఊరి పేరు జెర్సీ మీద ఉండడం ఆ ఆటలో పాత సంప్రదాయం. అలా చూస్తే నెల్లూరు అనే మూడక్షరాల పేరుతోనే ఇబ్బంది, నడిమి అక్షరం తన వత్తుతో సహా సరిగ్గా గుండీల మీద పడుతుంది. అందుకని ‘నె’ను ఎడమ వైపు పెద్దదిగా నిలబెట్టి, ‘ల్లూరు’ను కుడి వైపు చిన్నదిగా నడిపించాను. టోపీ మీద ఉన్నదీ ఆ ‘నె’నే. న మీది ఎత్వాన్ని బరువుకు వంగిన వరికంకిగా గీశాను, గింజలు అయిదుకు మించి పెట్టలేదు, ఎందుకంటే దారం కుట్టులో చిన్న గింజలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ముదురాకుపచ్చ టోపీ మీద పండిన వడ్ల రంగు దారం. టోపీ ముందు నడిమికి ఒక అతుకు ఉంటుంది, అక్షరపు నిలువు వంపు ఆ అతుకును మోయకుండా కాస్త పక్కకు జరపవలసి వచ్చింది.

ఒకటి రెండు అక్షరాలతో ఊరిని చెప్పడం ఆ ఆటలో గొప్ప విద్య. న్యూయార్క్ యాంకీస్ టోపీ మీది రెండు అక్షరాల ముడి, 1877లో టిఫనీ నగల సంస్థ ఆ నగర పోలీసు శాఖ కోసం చేసిన పతకం నుంచి వచ్చింది, జట్టు దాన్ని 1909లో తెచ్చుకుంది. టామ్ మైండెల్ అనే విద్యార్థి పోటీలో గెలవగా మిల్వాకీ బ్రూవర్స్ జట్టు 1978లో తెచ్చుకున్న లోగో మరీ అద్భుతం, చూడగానే బంతిని పట్టిన చేతి తొడుగు కనిపిస్తుంది, కాసేపటికి గానీ అందులోనే జట్టు పేరులోని రెండు పొడి అక్షరాలు దాగి ఉన్నాయని తెలియదు. ఇంగ్లీషు అక్షరాలు నిలువు గీతలు కనుక ఒకదానిలోకి ఒకటి దూరిపోతాయి. తెలుగు అక్షరాల గుండ్రాలు రెండింటిని అలా ముడివేస్తే రెండూ చదవడానికి రాకుండా పోతాయి. మనకు ఒక్క అక్షరమే చాలు, గుణింతపు గుర్తుతో సహా అది నిండుగా ఉంటుంది.

దానికి బదులు మన లిపి మరొకటి ఇచ్చింది. బేస్‌బాల్ జెర్సీల మీద కలిపి రాసిన పేరు చివరి అక్షరం నుంచి ఒక తోక బయలుదేరి, పేరు కింద గీతలా వెనక్కి పరిగెడుతుంది. మన జట్ల పేర్లు దాదాపు అన్నీ ‘లు’తో ముగుస్తాయి, ఆ ‘లు’ కొమ్మును పట్టుకుని పైకి లేపి, మెలి తిప్పి, పేరు కిందుగా ఎడమ వైపుకు లాగితే ఆ తోక ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టు ఉండదు. పాతకాలపు బోర్డు పెయింటర్లు సినిమా హాళ్ల గోడల మీద ఇలాంటి తోకలు కుంచె ఎత్తకుండా లాగేవారు, ఆ చేతి పనిని గుర్తు చేసుకుంటూనే నేను కోరల్‌డ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో గీతలు వంచుతాను. రామభద్ర వంటి లావుపాటి ఫాంట్లు అంకురంగా పనికొస్తాయి గానీ, ఫాంటును ఉన్నదున్నట్టు జెర్సీ మీద దింపితే అది దుకాణం బోర్డులాగే ఉంటుంది. ప్రతి అక్షరాన్నీ మళ్లీ చేత్తో దిద్దాలి.

ఒంగోలు పేరులో సున్నా ఉంది, అందులో ఎర్ర కుట్లు గీస్తే బంతి అవుతుందని లోగోలు చూసిన ప్రతివారూ సలహా ఇస్తారు. బంతి మీద 108 జంట కుట్లు ఉంటాయి, అరంగుళం సున్నాలో వాటి జాడ కూడా నిలవదు, ఆ సంగతి అలా ఉంచినా కందుకూరులోనూ సున్నా ఉంది, కంభంలో రెండున్నాయి. మొదటి ప్రశ్న దగ్గరే ఆ సలహా ఆగిపోతుంది.

మార్కాపురం పలకలు నేను చేసిన జట్లన్నింటిలోనూ నాకు ఎక్కువ తృప్తినిచ్చిన జట్టు. ప్లాస్టిక్ పలకలు రాకముందు ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్నది మార్కాపురం రాతి మీదే. పలకరాయి పొరలు పొరలుగా ఊడివస్తుంది, దాన్ని కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తారు. ఈ పేరుకు ఆటతో చుట్టరికం కూడా ఉంది, ఎందుకంటే బ్యాటర్ నిలబడే గడినీ, హద్దుల గీతలనూ మైదానంలో తెల్లని సుద్దతోనే గీస్తారు. టోపీ రంగు తడి పలక రంగు, ముందు రేకు చెక్క చట్రపు రంగు. లోగోలో కాస్త పక్కకు వాలిన పలక, దాని మీద బలపంతో రాసిన ‘మా’. ఆ అక్షరాన్ని కంప్యూటర్‌లో గీయలేదు. నిజమైన రాతిపలక మీద బలపంతో రాసి, ఫొటో తీసి, ఆ గీత ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ గరుకుగా విరిగిందో చూసి దాన్నే తిరిగి గీశాను. బలపం కిందికి దిగేటప్పుడు గీత తెల్లగా నిండుగా వస్తుంది, పైకి ఎక్కేటప్పుడు పలచబడి రాయి కనిపిస్తుంది. ఆ తేడా పోకుండా కుట్టుపనివాడికి చెప్పడానికి రెండు రకాల తెలుపు దారాలు వాడవలసి వచ్చింది. జట్టు రెండో గుర్తుగా, తొమ్మిది గడులు గీసిన పలక ఉంది, బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ పరుగులు వరసగా వేసే స్కోరు పట్టీ అది.

ఉదయగిరి గరిటెలు అనే పేరు విన్నవారెవరూ దాన్ని మరిచిపోలేదు. కొండ కింది ఊళ్లో చెక్కతో గరిటెలూ చెంచాలూ ఫోర్కులూ చెక్కే కుటుంబాల నేర్పు ఆ పేరుకు మూలం. పెద్ద లీగ్ బేస్‌బాల్ బ్యాటు ఒకే చెక్క ముక్కతో చేసి తీరాలి, పొడవు 42 అంగుళాలకు మించకూడదు, లావు 2.61 అంగుళాలకు మించకూడదు. ఒకప్పుడు యాష్ చెక్క, ఇప్పుడు ఎక్కువగా మేపుల్ చెక్క వాడుతున్నారు. చెక్కతో బతికే ఊరికి చెక్కతో ఆడే ఆట ఇంతకన్నా ఎలా కుదరాలి? సాధారణంగా పాత లోగోల్లో రెండు బ్యాట్లు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టి గీస్తారు, ఇక్కడ ఒక బ్యాటు, ఒక గరిటె. చివరి స్థానం వచ్చిన జట్టును చెక్క చెంచాతో వెక్కిరించే అలవాటు ఇంగ్లీషు క్రీడాలోకంలో ఉందని గుర్తుచేసినవారున్నారు. పిట్స్‌బర్గ్‌వాళ్లు తిట్టును టోపీకెక్కించుకున్నట్టే ఉదయగిరివాళ్లూ చేయగలరు.

టంగుటూరు జట్టును బ్యారన్లు అన్నాను. పొగాకు కాల్చే ఆ ఎత్తైన ఇటుక గదులను మన రైతులు పిలిచే పేరు అదే. బర్మింగ్‌హామ్ అనే అలబామా ఊరికి బొగ్గు గనుల ధనవంతుల పేరు మీద బ్యారన్స్ అనే జట్టు చాలాకాలంగా ఉంది, 1994లో మైకేల్ జోర్డన్ బాస్కెట్‌బాల్ వదిలి అందులో ఆడాడు. రెంటికీ ఏ సంబంధమూ లేకపోయినా చరిత్ర తెలిసినవారికి అదొక సంతోషం. పొగాకు ఆకును మాత్రం లోగోలో పెట్టలేదు. పిల్లలు పెట్టుకునే టోపీ మీద ఆకు ఉండకూడదు, కట్టడం ఉండవచ్చు. ఉలవపాడుకు మామిడి, అందులో ఆలోచించవలసిందేమీ లేదు. చీమకుర్తి చుక్కలకు నల్ల గ్రానైట్ మీది బంగారు మెరుపులు, కంభానికి విజయనగర కాలపు చెరువు తూము, దొరవారిసత్రానికి నేలపట్టు గూడబాతు. అమెరికాలోని టొలీడో ఊరి జట్టుకు 1896లో తన అప్పటి మైదానం పక్క బురదలో తిరిగే నీటికోడి పేరు వచ్చి ఇప్పటికీ ఉండగా మన గూడబాతుకు ఏం తక్కువ? దాని ముక్కు కింది సంచి క్యాచర్ చేతి తొడుగులా తెరుచుకుని ఉంటే చాలు, ఇంకేమీ గీయనక్కరలేదు.

కొన్ని పేర్లకు నేను దూరంగా ఉన్నాను. క్లీవ్‌లాండ్ జట్టు ఒక శతాబ్దానికి పైగా ఇండియన్స్ అనే పేరుతో ఆడింది, అక్కడి ఆదివాసులను వెకిలిగా చూపించే ఎర్ర ముఖం బొమ్మను దశాబ్దాల పాటు వాడుకుంది. ఆ బొమ్మను 2018 సీజన్ తరువాత జెర్సీల మీంచి తీసేశారు, 2022 నుంచి పేరు గార్డియన్స్ అయింది, అదీ ఆ ఊరి వంతెన మీద నిలబడి ఉన్న రాతి విగ్రహాల నుంచి తీసుకున్న పేరు. మన దగ్గరా పులికాట్ ఒడ్డున, పెన్నా ఒడ్డున తరతరాలుగా ఉంటున్న సమాజాలున్నాయి. వారి పేరునో రూపాన్నో జట్టుకు గుర్తుగా వాడుకోవడానికి నాకు హక్కు లేదు. ఏ కులం పేరూ వాడను. దేవుళ్లనూ వాడను, నరసింహస్వామి కొండలు ఈ ప్రాంతంలో ఎన్ని ఉన్నా సరే, చెమట పట్టే టోపీ మీద, నేల మీద విసిరేసే జెర్సీ మీద ఆయన రూపం ఉండకూడదు. రొట్టెల పండుగను కూడా అందుకే తాకలేదు. అది మొక్కుకునేవారిది.

ప్రస్తుతం వీపు మీది అంకెల పని నడుస్తోంది. 1929లో యాంకీస్ జట్టు బ్యాటింగ్ వరస ప్రకారం అంకెలు వేసింది, అందుకే బేబ్ రూత్‌కు 3, లూ గెహ్రిగ్‌కు 4 వచ్చాయి. నా జట్లకు తెలుగు అంకెలే వేయాలని మనసు గట్టిగా లాగింది, జెర్సీలు ముద్రించి దుకాణం ముందు రోడ్డు అవతల నుంచి చూస్తే ౨, ౩ ఒక్కలాగే కనిపించాయి, ౬, ౯ కూడా అంతే. ప్రేక్షకుడికీ అంపైరుకూ ఆటగాడు ఎవరో దూరం నుంచే తెలియాలి కనుక వీపు మీద మామూలు అంకెలే ఉంచి, భుజం మీది పట్టీలో జట్టు పుట్టిన సంవత్సరాన్ని తెలుగు అంకెల్లో వేస్తున్నాను. మార్కాపురం జట్టుకు మాత్రం ఆ పట్టీని బలపం గీతతోనే రాయాలి, దానికి పలక మీద అంకెలు దిద్దడం ఈ వారం మొదలుపెట్టాను.